పాత ట్యాంకులో కొత్త గాలి

పాత ఫ్రిజ్ కంప్రెసర్ చేతికందితే ఇంటి షెడ్డులోనే స్ప్రే గన్ నడపొచ్చు. మరి గాలి నిల్వకు ట్యాంకో?

చాలామంది కన్ను వంటగ్యాస్ సిలిండర్ మీద పడుతుంది. అది గ్యాస్ కంపెనీ సొత్తు. పైగా లోపల మిగిలిన గ్యాస్ వెల్డింగ్ రవ్వకు పేలిపోగలదు. దాని జోలికి పోకూడదు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరికే లారీ ఎయిర్ బ్రేకు ట్యాంకు నయం. అది పుట్టిందే గాలి కోసం, సుమారు 8 బార్ ఒత్తిడి మోసిన సరుకు. అడుగున వాల్వు తిప్పితే తుప్పునీళ్లు చిమ్మాయా, అనుమానించాల్సిందే. గాలిలోని తేమ నీరై, రేకును లోపలి నుంచే తినేస్తుంది. పైన పెయింటు ఎంత మెరిస్తే ఏం లాభం!

అందుకే తెలిసిన మెకానిక్కులు ట్యాంకు నిండా నీళ్లు పోసి, వాడబోయేదానికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడి పెట్టి చూస్తారు. నీరు దాదాపు కుదించుకోదు కనుక రేకు చిట్లినా కారి ఊరుకుంటుంది, గాలైతే బాంబే. ఆపైన సేఫ్టీ వాల్వు, గేజి, ప్రెషర్ స్విచ్. ఫ్రిజ్ కంప్రెసర్ గాలితోపాటు నూనె తుంపర్లూ నెడుతుంది, పెయింటు పనికైతే ఫిల్టరూ కావాలి.