నల్లరేగడి పల్లెల్లో వినికిడి లోపం

ఒక ప్రాంతంలో వినికిడి లోపం ఎంతమందికి ఉందన్నది లెక్క తీసిన పద్ధతిని బట్టి మారిపోతుంది. 2002లో జాతీయ నమూనా సర్వే 58వ దఫా ఇంటింటా ప్రశ్నలడిగి లక్షకు 291 మందిని గుర్తించింది. 2011 జనగణన దేశం మొత్తం మీద సుమారు 50.7 లక్షల మందిని నమోదు చేసింది. నూటికి అర మనిషి కూడా లేనట్టు. 2014లో మహబూబ్‌నగర్ జిల్లాలో పరిశోధకులు పరికరాలతో చెవులు పరీక్షిస్తే, జీవనానికి అడ్డుపడే స్థాయి లోపం 4.5 శాతం మందిలో తేలింది. ఈ పదింతల తేడాలో పెద్దవాటా ప్రశ్నదే. ఇంట్లో చెవుడున్నవారున్నారా అని అడిగితే ఇంటిపెద్దకు పుట్టుచెవుడే గుర్తొస్తుంది. టీవీ శబ్దం పెంచుకునే తాత, రెండుసార్లు పిలిస్తేగాని పలకని కూలీ ఆ లెక్కలోకి రారు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి పండే నల్లరేగడి మైదానాల్లో ఈ లెక్కకందని చెవుడే ఎక్కువ ఆలోచించవలసింది. దాని కారణాలు కొన్ని ఇంట్లో, కొన్ని పనిలో ఉన్నాయి.

ఇంటి కారణాల్లో మొదటిది మేనరికం. తల్లిదండ్రులిద్దరిలో అణిగి ఉన్న ఒకే లోపపు జన్యువు బిడ్డలో కలిసే అవకాశం రక్తసంబంధీకుల పెళ్లిలో పెరుగుతుంది; జన్యుపరమైన పుట్టుచెవుడులో చాలా భాగం ఆ తరహాదే. గర్భిణికి సోకే రుబెల్లా మరో కారణం. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలయ్యాక దానికి అడ్డుకట్ట దొరికింది. నెలలు నిండని కాన్పు, పుట్టగానే ముదిరిన పచ్చకామెర్లు కూడా చెవి నరాన్ని దెబ్బతీస్తాయి. ఆపై చీము కారే చెవులు. జలుబుతో మొదలైన మధ్యచెవి వాపును పట్టించుకోక, కాచిన నూనె పోసి, అగ్గిపుల్లతో తిప్పి నెట్టుకొస్తే కర్ణభేరికి చిల్లు పడుతుంది. పిల్లల వినికిడి నష్టంలో 60 శాతం నివారించదగిన కారణాల వల్లనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి సూదిమందులు లోపలి చెవిలోని సూక్ష్మకణాలను చంపుతాయి. అవి మళ్లీ పుట్టవు.

పని కారణాల్లో మోత ముందుంటుంది. మహారాష్ట్రలోని జల్‌గావ్‌లో పత్తి జిన్నింగ్ మిల్లులపై 2011లో వెలువడిన అధ్యయనం అక్కడి మోత 89 నుంచి 106 డెసిబెల్స్ దాకా ఉందని కొలిచింది. భారతీయ నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్ వద్ద ఎనిమిది గంటలు, 100 వద్ద రెండు గంటలే హద్దు. గుంటూరు చుట్టుపట్ల మిల్లుల్లో తిరిగేదీ ఆ జాతి యంత్రాలే. చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల డ్రిల్లింగ్ కూడా ఈ కోవవే. మోత వల్ల పోయే వినికిడి ముందు 4000 హెర్ట్జ్ చుట్టూ పోతుంది. మాట వినపడుతూనే ఉంటుంది, అర్థం కాదు. సందట్లో పిల్లల గొంతు అందదు, రాత్రి చెవిలో హోరు. నొప్పి లేదు గనుక మనిషి ఆసుపత్రికి వెళ్లడు.

చేలో మందు కొట్టే మనిషి పరిస్థితి ఇంకా చిక్కు. వీపున తైవాన్ పంపు ఇంజన్ చెవుల పక్కనే మోగుతుంది, గాలిలో పురుగుమందు. అమెరికాలో ఐయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల పురుగుమందు వాడకందార్లపై 2008లో వచ్చిన అధ్యయనంలో, మోతను లెక్కలోంచి తీసేశాక కూడా, ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎక్కువగా వాడినవారిలో వినికిడి నష్టం కొంత హెచ్చుగా కనబడింది. పత్తి చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్ ఆ కుటుంబానిదే. ఆ సంబంధం బలమైనదేమీ కాదు. కానీ ఇక్కడ మోత, మందు ఒకే వీపు మీద ఉంటాయి.

వయసు వీటన్నిటికీ తోడవుతుంది. అరవై దాటినవారిలో నాలుగోవంతుకు పైగా ఇబ్బందికర లోపం ఉంటుంది. మధుమేహం దాన్ని ముందుకు జరుపుతుంది. వయసు మీద నెట్టేసే చెవుడులో ఎంత వాటా మిల్లుదో తేల్చడం అరవయ్యో ఏట సాధ్యపడదు, ముప్పయ్యో ఏట వినికిడి కొలిచే ఆడియోగ్రామ్ తీసి ఉంటే తప్ప.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుచెవుడును వెతుకుతుంది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చుతుంది. పెద్దల సంగతి వేరు. మోత వల్ల వచ్చే చెవుడును 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో వృత్తివ్యాధిగా చేర్చారు. అయితే జిన్నింగ్ కూలీ సీజనుకొక మిల్లు మారతాడు. ఏ మిల్లు పుస్తకంలోనూ అతని చెవి చరిత్ర ఉండదు. మందు కొట్టే కూలీకైతే చేను ఫ్యాక్టరీ కాదు గనుక ఆ షెడ్యూలే వర్తించదు.