శాతంలోకి రాని పిల్లలు



కర్నూలు, కడప జిల్లాల ప్రధానోపాధ్యాయులం 2023-24 విద్యా సంవత్సరం గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. 2024 ఏప్రిల్ 22న పదో తరగతి ఫలితాలు వచ్చినప్పటి నుంచి మన చెవిన పడుతున్నది ఒకటే మాట. రాష్ట్రంలో 86.69 శాతం పాసైతే, కర్నూలు 62.47 శాతంతో అన్ని జిల్లాల కంటే కింద నిలిచింది. అంతకు ముందు ఏడాది ఆ చోటు పక్కనున్న నంద్యాలది. మార్చిలో స్పెషల్ క్లాసులు ఎన్ని పెట్టారని అందరూ అడుగుతున్నారు. మార్చిని వదిలి నవంబరు హాజరు పట్టీ తెరవండని నా మనవి.

2023లో వాన మొహం చాటేసింది. అక్టోబరు ఆఖరున ప్రభుత్వం 103 కరువు మండలాలను ప్రకటించింది. కర్నూలు జిల్లా మండలాలు వాటిలో ఉన్నాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పనిచేసినవాళ్లకు ఆ తర్వాతి కథ చెప్పక్కర్లేదు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిపోతాడు. ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి వలసకు, కదులుతాయి. గుంటూరు వైపు ముందు పత్తి తీత, సంక్రాంతి దాటాక మిరపకాయల కోత. ఇంటికి తాళం పడ్డాక ఆరో తరగతి పిల్ల ఎక్కడుంటుంది? చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని తనూ ఆ బండే ఎక్కుతుంది. తిరిగొచ్చేసరికి పాఠాలు చాలా దూరం పోయుంటాయి. రెండు మూడేళ్లు ఇట్లా గడిస్తే తొమ్మిదికి ఇక రాదు.

అప్పుడా పిల్ల పది పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, నామినల్ రోల్స్‌లోనే ఉండదు. పాసైనవాళ్లలో లేదు, ఫెయిలైనవాళ్లలోనూ లేదు. శాతం కట్టేది పరీక్షకు కూర్చున్నవాళ్లకే కదా! 62.47 కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆరులో చేరిందెందరు, వాళ్లలో పది రాసిందెందరు? మన సమీక్ష అక్కడ మొదలుకావాలి.

పేదరికం అనేసి ఊరుకుందామా? అదే ఏడాది 96.37 శాతంతో మొదట నిలిచింది పార్వతీపురం మన్యం. అక్కడివీ కూలి బతుకులే. అయితే అక్కడ ఆశ్రమ పాఠశాలలున్నాయి; అమ్మానాన్న ఏ పనికి పోయినా పిల్లలు బడి నీడనే ఉంటారు. గెలుపంతా దానివల్లేనని అనను గానీ, దాని పాత్ర చిన్నది కాదని నా నమ్మకం. వలస కాలంలో నడిచే మన సీజనల్ హాస్టళ్లు చేయాల్సిన పని అదే. బండి కదలకముందే అవి తెరవాలి. తల్లి వెళ్లిపోయాక తెరిస్తే చేర్చేదెవరు?

కడప మిత్రులది ఇంకో రకం వలస. అక్కడ తల్లి కువైట్ పోతుంది, బిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. హాజరుకు లోటు రాకపోవచ్చు. ప్రోగ్రెస్ కార్డు మీద అవ్వ వేలిముద్ర పడుతుంది, ఆ మార్కుల గురించి పిల్లతో కూర్చుని మాట్లాడే మనిషి ఇంట్లో లేరు. ఆ పిల్లకు క్లాస్ టీచరే ఆ మనిషి కావాలి.

దసరా సెలవులకు ముందే ప్రతి హెచ్.ఎం. దగ్గరా ఒక పట్టిక ఉండాలి: ఏ కుటుంబం పోతోంది, ఏ మేస్త్రీ వెంట, ఏ ఊరికి. ఆ ఊరి హెచ్.ఎం.కు మనం ఫోన్ చేస్తే పిల్ల అక్కడి బడిలో కూర్చుంటుంది, మధ్యాహ్నం అన్నం తింటుంది. ఆ పట్టిక నమూనా ఈ సాయంత్రమే ఖాయం చేసుకుందాం.