పన్ను పీకకుండా వేరుకు శస్త్రచికిత్స



భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి సెక్టర్ 4లో స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో పన్ను సలిపితే ముందు లవంగం పెడతారు. తగ్గకపోతే మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోతారు. చివరికి "పీకించేస్తే పోతుంది" అంటారు. నిజంగా పీకవలసిందేనా? ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని కణజాలమే పల్ప్. పుచ్చు అక్కడిదాకా చేరితే బాక్టీరియా వల్ల పల్ప్ చనిపోతుంది. అప్పుడు నొప్పి తగ్గవచ్చు, కాని జబ్బు తగ్గదు. వేరు కొన చుట్టూ వాపు మొదలై దవడ ఎముక కరుగుతుంది. ఎక్స్-రేలో అది నల్లని మచ్చలా కనిపిస్తుంది.

దీనికి మొదటి చికిత్స రూట్ కెనాల్. వేరులోని కాలువను శుభ్రం చేసి మూసివేస్తారు. చాలామందికి ఇదే సరిపోతుంది. అయితే, గోదావరి సముద్రంలో కలిసేముందు పాయలుగా చీలినట్లు, ఆ కాలువ కూడా వేరు కొన దగ్గర సన్నని పాయలుగా చీలుతుంది. పైనుంచి దించే పరికరం అన్ని పాయల్లోకీ వెళ్ళలేదు. మళ్ళీ రూట్ కెనాల్ చేసినా నయం కాకపోతే, లేదా అలా చేయడానికి వీలు లేకపోతే, డాక్టరు వేరు కొననే నేరుగా చేరుకుంటారు. ఈ శస్త్రచికిత్స పేరు ఎపికోఎక్టమీ.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురును కోసి పక్కకు జరిపి, ఎముకలో చిన్న కిటికీ చేస్తారు. చెడిన కణజాలాన్ని తీసి, వేరు కొనను సుమారు 3 మిల్లీమీటర్లు కత్తిరిస్తారు. ఎందుకంటే పాయల్లో అత్యధికం ఆ మేరలోనే ఉంటాయి. మిగిలిన వేరు చివర దాదాపు 3 మిల్లీమీటర్ల లోతు గుంట చేసి, దాన్ని మూసి, చిగురుకు కుట్లు వేస్తారు. తర్వాత కొన్ని నెలల్లో అక్కడ ఎముక మళ్ళీ పెరుగుతుంది.

గుంటను మూసే పదార్థాల్లో ఎం.టి.ఎ. ముఖ్యమైనది. 1990వ దశకంలో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ బృందం దీన్ని రూపొందించింది. ఇది ఇళ్ళు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి చుట్టం. ఎక్స్-రేలో కనిపించేందుకు దీనిలో బిస్మత్ ఆక్సైడ్ కలిపారు. భిలాయి పక్కనే ఉన్న జాముల్‌లో తయారయ్యే సిమెంటు లాగే ఇది కూడా తడితోనే గట్టిపడుతుంది. దవడ లోపల తడి ఎప్పుడూ ఉంటుంది కనుక ఆ గుణమే ఇక్కడ కలిసివచ్చింది.

వేరు నిలువునా చీలినా, చుట్టూ ఎముక చాలావరకు పోయినా పన్ను తీయక తప్పదు. కాని పీకిన శాశ్వత దంతం మళ్ళీ మొలవదు. పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కనుక నొప్పి తగ్గిందని ఊరుకోకండి. పీకించే ముందు ఎక్స్-రే తీయించి, "దీన్ని నిలుపుకునే మార్గం ఉందా?" అని డాక్టరును అడగండి. ఇంట్లో పెద్దలకూ ఈ మాట చెప్పండి.