దాస్యవిమోచనమునకు సైకిలు యాత్ర



బ్రిటనులో దాస్యబాధితుల సహాయమునకై సైకిలు యాత్రలు చేయువారు కలరు. వారిలో కొందరికి దైవభక్తియే ప్రేరణము. ఇన్ని మైళ్లు తొక్కినచో ఇంత యిత్తుమని బంధుమిత్రులు మాట యిత్తురు. ధర్మకార్యయాత్రికులకు లాండ్స్ ఎండ్ నుండి జాన్ ఓ గ్రోట్స్ దారి ప్రసిద్ధము; సుమారు 1,400 కిలోమీటర్లు! ఎదురుగాలిలో ముందువాడు గాలిని చీల్చును, వెనుకవారికి శ్రమ తగ్గును. కావున వంతులవారీగా ముందుకు వత్తురు. బలశాలి తానొక్కడే దూసుకొనిపోయినచో జట్టు చెదరును. ప్రార్థనవలన గాలి ఆగునని నేననను. అలసినవానికై వేగము తగ్గించుకొను ఓర్మి మాత్రము కలుగవచ్చును.

ఆ దేశమున ఇట్లు జతకూడుట నేటిది కాదు. 1787లో లండనులో పన్నిద్దరు చేరి బానిసవ్యాపార నిషేధమునకు సంఘము స్థాపించిరి. అందు తొమ్మండుగురు క్వేకరు మతస్థులు. సంఘసభ్యుడు థామస్ క్లార్క్‌సన్ గుఱ్ఱమెక్కి రేవుపట్టణములు తిరిగి నావికుల సాక్ష్యములు సేకరించెను. 1807లో ఆ వ్యాపారము నిషిద్ధమయ్యెను.

దాస్యము మాత్రము పోలేదు. అంతర్జాతీయ కార్మికసంస్థ మున్నగువారి అంచనాలో 2021లో నిర్బంధశ్రమయందును, నిర్బంధవివాహములందును చిక్కినవారు సుమారు 4 కోట్ల 96 లక్షలు. మన దేశమున 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసి, ఆ అప్పులను కొట్టివేసినది. అయినను విడుదలైనవానికి మరునాడు కూడు లేకున్న మరల అప్పుకే పోవును. సైకిళ్లు తొక్కి కూర్చిన సొమ్ము ఆ మరునాటి కొఱకే.

ఆ చట్టప్రతి నొకదానిని మన గ్రంథాలయమున ఉంచుడు. ఇటుకబట్టీలకు అడ్వాన్సు తీసికొని పోవువారికి, బయలుదేరకముందే, చదివి వినిపింపుడు.