తల్లి నుంచి వచ్చింది, తల్లి తప్పు కాదు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, తాండూరు)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వింటే చాలామందికి బోదకాలు మాత్ర గుర్తొస్తుంది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర వెనుక లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధన ఉంది. కాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ వెనుకా ఉంది. నేను ఇవాళ వాటి జోలికి పోను. అంతకు ముందు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర ఆయన చేసిన పనితో మొదలుపెడతాను. ఈ హాల్లో కూర్చున్న, ఆటిజం ఉన్న బిడ్డలను పెంచుతున్న కొందరు తల్లుల మనసులోని ‘ఇది నా తప్పా?’ అనే ప్రశ్నకు దారి అక్కడి నుంచే పోతుంది.

1895లో భీమవరంలో పుట్టిన ఈ మనిషి మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా చేరాడు. 1925లో ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించాడు. చూడ్డానికి చిన్న పని. కానీ ఆ కొలత చేతికి వచ్చాకే, 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వాళ్లిద్దరూ పట్టుకోగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. మన శరీరంలో ప్రతి కణమూ పని చేయడానికి ఖర్చు పెట్టేది ఈ ఏటీపీనే. గుండె కొట్టుకున్నా, కన్ను చూసినా, బిడ్డ నోట మొదటి మాట వచ్చినా ఖర్చయ్యేది అదే.

అది తయారయ్యే చోటు తేలడానికి మరికొంత కాలం పట్టింది. కణం లోపల నూలుపోగుల్లా, గింజల్లా కనిపించే రేణువులకు మైటోకాండ్రియా అని కార్ల్ బెండా 1898లోనే పేరు పెట్టాడు. మన ఆహారం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వచ్చే శక్తి ఏటీపీగా మారే పని ఆ రేణువుల్లోనే జరుగుతుందని షికాగోలో కెనెడీ, లెహ్నింజర్ 1948-49లో చూపించారు. 1948 ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో 53 ఏళ్లకు కన్నుమూశారు.

తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్లు నడిపేవాళ్లకు లో వోల్టేజీ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. బల్బు వెలుగుతూనే ఉంటుంది, పెద్ద మోటారు మూలుగుతుంది, ఆగిపోతుంది. మైటోకాండ్రియా సరిగ్గా పని చేయని జబ్బు స్వభావం అలాంటిదే. శక్తి తగ్గితే ముందుగా దెబ్బ తినేది ఎక్కువ శక్తి తాగే అవయవాలు: మెదడు, కండరాలు, గుండె, కన్ను, చెవి. అందుకే ఒక బిడ్డకు ఫిట్స్‌గా, ఇంకో బిడ్డకు నడకలో నీరసంగా, మరో బిడ్డకు చెవుడుగా కనిపిస్తుంది. ఇన్ని ముఖాలున్న జబ్బు కాబట్టే డాక్టర్లకు కూడా తొందరగా దొరకదు.

దీన్ని జబ్బుగా మొదట గుర్తించింది 1962లో, స్వీడన్‌లో రోల్ఫ్ లుఫ్ట్ బృందం. ఎంత తిన్నా బరువు పెరగని, ఎప్పుడూ చెమటలు కారే ఒక స్త్రీలో ఆ లోపం కనబడింది. మరుసటి ఏడాది మార్గిట్ నాస్, సిల్వాన్ నాస్ దంపతులు మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉందని చూపించారు. 1981లో కేంబ్రిడ్జిలో దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు: 16,569 అక్షరాలు, 37 జన్యువులు. అది తల్లి నుంచే బిడ్డకు వస్తుందన్నది అప్పటికే తేలింది. ఆ డీఎన్ఏలో మార్పులే కొన్ని జబ్బులకు కారణమని 1988లో రుజువైంది.

ఇది ఒక పాయ. రెండో పాయ ఆటిజం. ఆ కథ చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశాడు. పిలిస్తే పలకరు, కళ్లలోకి చూడరు, చేసిందే చేస్తారు, తమ లోకంలో తాము ఉంటారు. ఇది పుట్టుకతో వచ్చిందేనని ఆ వ్యాసం చివర ఆయనే రాశాడు. కానీ తల్లిదండ్రులకు ఆప్యాయత తక్కువన్న మాట కూడా ఆయన కలం నుంచే వచ్చింది. 1949 నాటికి అది మరింత కటువైంది. ఆ తర్వాత బ్రూనో బెట్టెల్‌హైమ్ లాంటి వాళ్లు దాన్ని పెద్ద సిద్ధాంతం చేశారు. బిడ్డను ప్రేమించని తల్లి వల్ల ఆటిజం వస్తుందన్నారు. ‘ఫ్రిజ్ లాంటి తల్లి’ అని పేరు పెట్టారు. ఎంతమంది తల్లులు ఆ మాట మోశారో ఎవరూ లెక్క కట్టలేదు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో పుస్తకం రాసి, ఇది మెదడుకు సంబంధించిన విషయమని వాదించాడు. 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి కానర్ వాళ్లను నిర్దోషులని ప్రకటించాడు. అప్పటికి పాతికేళ్లు గడిచిపోయాయి.

ఈ రెండు పాయలు 1985లో కలిశాయి. మేరీ కోల్‌మన్, జాన్ బ్లాస్ అనే ఇద్దరు ఆటిజం ఉన్న నలుగురు పిల్లల రక్తంలో లాక్టిక్ ఆమ్లం ఎక్కువగా ఉందని రాశారు. మైటోకాండ్రియా సరిగ్గా పని చేయనప్పుడు పేరుకునే పదార్థం అది. నలుగురే కాబట్టి చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2005లో పోర్చుగల్ నుంచి గట్టి సమాచారం వచ్చింది. అక్కడ లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం) పరీక్ష చేసిన 69 మంది ఆటిజం పిల్లల్లో 14 మందికి అది ఎక్కువగా ఉంది. వాళ్లలో 11 మందిని లోతుగా పరీక్షిస్తే ఐదుగురికి మైటోకాండ్రియా జబ్బు ఖాయమైంది. 2012లో రోసిగ్నోల్, ఫ్రై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి, ఆటిజం పిల్లల్లో దాదాపు 5 శాతానికి ఈ జబ్బు ఉందని లెక్క కట్టారు. మామూలు జనంలో ఇది సుమారు 5 వేల మందిలో ఒకరికి ఉంటుంది. తేడా చిన్నది కాదు.

అయితే ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. నూటికి ఐదుగురు అంటే, మిగతా 95 మందికి ఆ జబ్బు లేదని అర్థం. ఆటిజం అంటేనే మైటోకాండ్రియా జబ్బు అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. కొన్ని అధ్యయనాల్లో పిల్లలు పదిమందే. ఇంకో చిక్కు ఉంది. రక్తం తీసేటప్పుడు బిడ్డ గింజుకుని ఏడిస్తే, చేతికి రబ్బరు పట్టీ గట్టిగా బిగిస్తే, జబ్బు లేకపోయినా లాక్టేట్ పెరుగుతుంది. ఆటిజం ఉన్న ఏ బిడ్డ సూదికి నెమ్మదిగా చెయ్యి చాపుతుంది? ఒక్క రిపోర్టు చూసి నిర్ణయానికి రాకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే. పైగా, మైటోకాండ్రియా బలహీనత ఆటిజానికి కారణమా, తోడుగా వచ్చినదా అన్నది చాలామంది పిల్లల్లో ఇంకా తేలని విషయం. డగ్లస్ వాలస్ బృందం 2021లో ఎలుకల మైటోకాండ్రియా డీఎన్ఏలో ఒక మార్పు పెట్టగా వాటి ప్రవర్తన ఆటిజం తీరుకు మళ్లింది. అది కారణం వైపు మొగ్గే సాక్ష్యం. కానీ ఎలుక మన బిడ్డ కాదు.

టీకాల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒక పాపకు మైటోకాండ్రియా లోపం ఉంది. టీకాలు వేశాక ఆ లోపం ముదిరిందని ఒప్పుకుని ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2008లో ఆ వార్త ప్రపంచమంతా పాకింది, టీకాల వల్లే ఆటిజం వస్తుందన్న ప్రచారానికి ఆయుధమైంది. ఆ ప్రచారానికి మూలమైన 1998 నాటి వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మందికి పైగా పిల్లలను గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. మైటోకాండ్రియా బలహీనంగా ఉన్న బిడ్డకు తీవ్రమైన జ్వరం ప్రమాదమే. తట్టు వస్తే ఆ జ్వరం టీకా జ్వరం కన్నా ఎంతో తీవ్రంగా ఉంటుంది. కాబట్టి ఇలాంటి పిల్లలకు టీకా మరింత అవసరం. వేయించాక జ్వరం రాకుండా, వస్తే తగ్గేలా, కడుపు ఖాళీగా ఉండకుండా చూసుకోవాలి.

ఇప్పుడు నన్ను ఇక్కడిదాకా రప్పించిన విషయం. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుందన్న సైన్సు మాట ఊళ్లోకి వచ్చేసరికి మరోలా మారుతోంది. ‘మీ పుట్టింటి రక్తంలోనే ఉందట’ అని అత్తగారు అంటుంది. మొగుడు మౌనంగా ఉంటాడు. బెట్టెల్‌హైమ్ ప్రేమ లేదన్నాడు, మనం రక్తం మంచిది కాదంటున్నాం. నింద మాత్రం తల్లి మీదే. సైన్సు చెప్పేది ఇది: మైటోకాండ్రియాకు కావలసిన వెయ్యికి పైగా ప్రోటీన్లలో దాని సొంత డీఎన్ఏ ఇచ్చేవి 13. మిగతావన్నీ కణ కేంద్రకంలోని జన్యువులవి, అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఇచ్చినవి. చిన్నపిల్లల్లో వచ్చే మైటోకాండ్రియా జబ్బుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. మేనరికాల్లో ఒకే లోపం రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం పెరుగుతుంది. ఆ మేనరికం కుదిర్చింది ఆ అమ్మాయి కాదు, పెద్దలు.

మనకు సాయం చేసే సంస్థలు దూరంగా లేవు. అండమాన్ ద్వీపవాసుల మూలాలను మైటోకాండ్రియా డీఎన్ఏ చదివి తేల్చిన కుమారస్వామి తంగరాజ్ బృందం హైదరాబాదులోని సీసీఎంబీలో ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లతో కలిసి ఆ బృందం ఈ జబ్బుల మీద కూడా పని చేసింది. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో వాడే 40 అంశాల కొలమానం సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని జాతీయ సంస్థలో తయారైంది. ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం గుర్తించిన వైకల్యం, దానికి ప్రభుత్వ సర్టిఫికెట్ ఇస్తారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లలను పరీక్షించడానికి అంగన్‌వాడీకి వస్తాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి.

ఏ బిడ్డను మైటోకాండ్రియా కోణంలో చూడాలి? వచ్చిన మాటలు, నడక జ్వరం తర్వాత పోయిన బిడ్డను. ఆటిజంతో పాటు ఫిట్స్, కండరాల నీరసం, ఎదుగుదల ఆగడం, చూపు, వినికిడి సమస్యలు కలిసి ఉన్న బిడ్డను. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ రాసే ముందు ఈ అనుమానాన్ని డాక్టరుకు చెప్పండి. పోల్‌జీ అనే జన్యువులో లోపముంటే ఆ మందు కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. మైటోకాండ్రియా జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. విటమిన్లు, కార్నిటిన్ కొందరికి ఉపకరిస్తాయి. ఫోలినిక్ ఆమ్లం మీద 48 మంది ఆటిజం పిల్లలతో జరిగిన చిన్న పరీక్షలో మాట మెరుగైంది. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లానికి చుట్టమే అది. అయినా దుకాణంలో కొని పోసే మందు కాదు. మూలకణాలతో ఆటిజం నయం చేస్తామని లక్షలు అడిగే వాళ్లకు పొలం అమ్మి డబ్బు కట్టకండి. ఆ డబ్బుతో ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ చేయించవచ్చు.

వికారాబాద్, పరిగి, కొడంగల్, సరిహద్దు దాటి సేడం, చించోళి నుంచి వచ్చిన పెద్దలకు నా మనవి ఒక్కటే. రెండేళ్లకు మాట రాని బిడ్డను, వచ్చిన మాట పోయిన బిడ్డను ‘మగపిల్లాడు, ఆలస్యంగా వస్తుంది’ అని కూర్చోబెట్టకండి. హైదరాబాదు బండి ఎక్కించండి. ఆ బండిలో తల్లితో పాటు తండ్రి, తాత, మేనమామల్లో ఎవరో ఒకరు తప్పకుండా వెళ్లండి. రెండు వైపుల కుటుంబ చరిత్రా డాక్టరు అడుగుతారు. దానికి తల్లి ఒక్కతే జవాబు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.