పోస్టాఫీసు పోయి కొట్టు వస్తే

(జిల్లా మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి గృహహింస గురించి, భూమి హక్కు గురించి మాట్లాడుకున్నాం. చివర్లో నేను పోస్టాఫీసు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఇప్పుడు ఉత్తరాలు రాసేదెవరు అన్నారు. నిజమే. నేను మాట్లాడబోయేది క్షేమసమాచారాల ఉత్తరాల గురించి కాదు. మన పేరు మీద వచ్చిన కాగితం, మన పేరు మీద వచ్చిన డబ్బు మన చేతికే అందే హక్కు గురించి.

మా దగ్గరకు వచ్చిన ఒక కేసుతో మొదలుపెడతాను. మనిషి పేరు, ఊరి పేరు చెప్పను. ఆమె భర్త పెట్టే బాధలు పడలేక రెండేళ్ళుగా పుట్టింట్లో ఉంటోంది. అది ఒక శివారు పల్లె. పోస్టాఫీసు నాలుగు కిలోమీటర్ల అవతల పెద్ద ఊళ్ళో ఉంది. ఉత్తరాలు తెచ్చే మనిషి పల్లె మొదట్లో ఉన్న కిరాణా కొట్లో అన్నీ ఇచ్చేసి వెనక్కి వెళ్ళిపోయేవాడు. అది నియమం కాదు, అలవాటు. భర్త విడాకుల కేసు వేశాడు. కోర్టు నోటీసు రిజిస్టరు పోస్టులో వచ్చింది. కొట్టాయన సంతకం పెట్టి తీసుకుని, సాయంత్రం బీడీలకు వచ్చిన ఆమె అన్నకు ఇచ్చాడు. చెల్లెలు కోర్టు మెట్లెక్కడం ఆ అన్నకు ఇష్టం లేదు. కాగితం దాచేశాడు. ఎనిమిది నెలల తర్వాత భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడని విని ఆమె మా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి చూస్తే, నోటీసు అందినా హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేశారు. దాన్ని రద్దు చేయించి కేసు మళ్ళీ తెరిపించడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్ళూ ఆమెకు మనోవర్తి రూపాయి రాలేదు.

మేం ఆ కొట్టాయన దగ్గరకు వెళ్ళాం. చెడ్డమనిషి కాదు. "నేనేం తప్పు చేశానమ్మా, ఇంటి మనిషికే ఇచ్చాను గదా" అన్నాడు. అతని లెక్కలో అది నిజమే. ఆడదాని కాగితం ఇంటి మగవాడికి ఇస్తే ఇచ్చినట్టే. ఉత్తరాలు తెచ్చే మనిషి మీద మేం ఫిర్యాదు చేశాం, విచారణ జరిగింది, అతని దగ్గర సంజాయిషీ తీసుకున్నారు. కొట్టాయనను మాత్రం ఎవరు అడుగుతారు? అతను ఎవరికి జవాబుదారీ? అప్పటి నుంచి నాకు పోస్టాఫీసుకూ కొట్టుకూ ఉన్న తేడా ఏమిటన్నది పెద్ద ప్రశ్నయింది.

ఇక్కడ అలవాటుగా జరిగినదాన్ని కొన్ని దేశాల్లో ప్రభుత్వాలే విధానంగా పెట్టుకున్నాయి. అక్కడి కొట్లకు ఒప్పందాలు, నియమాలు ఉంటాయి. మా పల్లెలోలాగా జరుగుతుందని నేను అనను. అయినా అక్కడి ఆడవాళ్ళు దీన్ని ఎందుకు ఎదిరించారో మనం తెలుసుకోవాలి. ముఖ్యంగా కెనడా సంగతి.

కెనడాలో 1981లో తపాలా శాఖను ప్రభుత్వ కార్పొరేషనుగా మార్చారు. నీ ఖర్చు నువ్వే సంపాదించుకో అన్నారు. 1986లో ఆ కార్పొరేషను పల్లెల్లోని 5 వేలకు పైగా పోస్టాఫీసులను పదేళ్ళలో మూసేయాలని, లేదా కొట్ల యజమానులకు అప్పగించాలని పథకం వేసింది. ఒక్కరోజులో అన్నిటికీ తాళాలు వేయలేదు. పోస్టుమాస్టరు రిటైరైన చోట, ఉద్యోగం ఖాళీ అయిన చోట కొత్తవాళ్ళను వేయకుండా ఆ పని ఊళ్ళోని కొట్టుకు ఇచ్చారు. కొట్లో తపాలా బిళ్ళలు దొరుకుతాయి, పార్శిళ్ళు తీసుకుంటారు, సరుకులు అమ్మే వేళల్లోనే ఉత్తరాల పనీ జరుగుతుంది. పైకి చూస్తే సౌకర్యం పెరిగినట్టే ఉంటుంది. కానీ ఆ కొట్టు నష్టం వచ్చి మూతపడితే ఊరికి పోస్టాఫీసూ ఉండదు, కొట్టూ ఉండదు.

ఇది ఆడవాళ్ళ సమస్య ఎలా అయింది? కెనడా పల్లెల పోస్టుమాస్టర్లలో అత్యధికులు ఆడవాళ్ళు. వ్యవసాయం, చేపలవేట, గనులు తప్ప వేరే పని లేని ఊళ్ళలో యూనియనూ పెన్షనూ ఉన్న ఉద్యోగం ఆడవాళ్ళకు చాలాచోట్ల అదొక్కటే. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 1981లో కెనడా తపాలా కార్మికుల యూనియన్ 42 రోజులు సమ్మె చేసి 17 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు సాధించుకుంది. పోస్టాఫీసు పని కొట్టుకు పోయిందంటే అలాంటి హక్కులన్నీ ఆ గడప దగ్గరే ఆగిపోతాయి. కౌంటరు దగ్గర మళ్ళీ ఆడమనిషే నిలబడుతుంది. కాకపోతే ఈసారి కొట్టు యజమాని ఇచ్చే కూలికి.

దీనికి వ్యతిరేకంగా 'రూరల్ డిగ్నిటీ ఆఫ్ కెనడా' అనే సంస్థ పుట్టింది. పల్లెల ఆత్మగౌరవం అని మనం చెప్పుకోవచ్చు. అందులో ముందు నిలిచినవారిలో క్విబెక్ రాష్ట్రం గాస్పే ప్రాంతానికి చెందిన సింథియా ప్యాటర్సన్ ఒకరు. పోస్టాఫీసు పోవడమంటే ఊరు పోవడానికి మొదటి మెట్టు అన్నది వారి వాదన. 1994 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం పల్లె పోస్టాఫీసుల మూసివేతను నిలిపేసింది. అప్పటికే వెయ్యికి పైగా పోయాయి. ఆ తర్వాత కూడా పోస్టుమాస్టరు రిటైరయ్యారనో, భవనం కాలిపోయిందనో కొన్ని మూతపడుతూనే ఉన్నాయి. అయినా ఆ నిర్ణయం ముప్పై ఏళ్ళకు పైగా వేల ఊళ్ళను కాపాడింది.

2025 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. తపాలా సంస్థ నష్టాల్లో ఉందని, అప్పట్లో పల్లెలుగా ఉన్న చోట్లు కొన్ని ఇప్పుడు పట్టణాల్లో కలిసిపోయాయని కారణాలు చెప్పింది. దాని రక్షణలో ఉన్నవి 4 వేలకు దగ్గరగా ఉన్నాయి. ప్రకటన వచ్చిన వెంటనే తపాలా కార్మికులు సమ్మెకు దిగారు. ఇందులో మనకొక పాఠం ఉంది. 1994లో వచ్చింది ప్రభుత్వ నిర్ణయమే గాని పార్లమెంటు చేసిన చట్టం కాదు. ఒక ప్రభుత్వం ఇచ్చినదాన్ని ఇంకో ప్రభుత్వం తీసేసుకోగలిగింది.

అమెరికాలో వేరుగా జరిగింది. కేవలం నష్టంలో నడుస్తోందన్న కారణంతో చిన్న పోస్టాఫీసును మూయకూడదని అక్కడ చట్టంలోనే ఉంది. 2011 జులైలో దాదాపు 3,700 పోస్టాఫీసుల జాబితా వేసి, వాటిని మూసే సంగతి పరిశీలిస్తామన్నారు. బదులుగా పచారీ కొట్లలో 'విలేజ్ పోస్టాఫీసులు' పెడతామన్నారు. అక్కడ దొరికేది బిళ్ళలు, ఒకే ధర పార్శిలు పెట్టెల వంటి కొద్దిపాటి సేవలే. ఊళ్ళవాళ్ళు గట్టిగా వ్యతిరేకించారు. 2012 మేలో తపాలా సంస్థ వెనక్కి తగ్గి, మూసే బదులు దాదాపు 13 వేల పోస్టాఫీసుల్లో పని గంటలు తగ్గిస్తామంది. అదీ నష్టమే. కానీ వాదించడానికి వాళ్ళ చేతిలో చట్టం ఉంది.

మన సంగతికి వద్దాం. మన దేశంలో లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులున్నాయి. నూటికి తొంభై పల్లెల్లోనే. వాటిని మూసేసి కొట్లకు ఇస్తామని ఎవరూ అనలేదు. నేను లేని భయం పుట్టించడానికి రాలేదు. అయితే 2006 నుంచి తపాలా శాఖకు ఫ్రాంచైజీ పథకం ఉంది. కొట్టు పెట్టుకున్నవారు కమీషను మీద బిళ్ళలు అమ్మవచ్చు, ఉత్తరాలు, పార్శిళ్ళు బుక్ చేయవచ్చు. బట్వాడా, పొదుపు ఖాతాలు మాత్రం వాళ్ళవి కావు. పోస్టాఫీసు తెరవలేని చోట ఈ ఏర్పాటు అన్నారు. బాగానే ఉంది. కానీ కొత్త బ్రాంచి తెరవాలంటే నియమం ఏమిటో చూడండి. మామూలు ప్రాంతాల్లో ఖర్చులో మూడో వంతు, కొండ, గిరిజన, వెనుకబడిన ప్రాంతాల్లో 15 శాతం ఆదాయం రావాలి. కొట్టుకు ఆ ఖర్చే ఉండదు. ఏది సులువో ప్రభుత్వం అటే మొగ్గుతుంది.

డబ్బు విషయంలో ఈ మార్పు ఇప్పటికే మన ఊళ్ళకు వచ్చింది. ఉపాధి హామీ కూలి, పింఛను ఎన్నోచోట్ల కొట్లోని వేలిముద్ర మిషను మీదే తీసుకుంటున్నారు. మీలో చాలామందికి తెలుసు, ఆ కొట్లోనే ఆమెకు అప్పు ఉంటుంది. నూనె, పప్పు, పిల్లల బిస్కెట్లు అన్నీ పుస్తకంలో రాసి ఉంటాయి. వేలు పెట్టగానే పాత బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. రసీదు అడిగితే "నా మీద నమ్మకం లేదా అమ్మా" అంటాడు. రేపు మళ్ళీ అతని దగ్గరకే అప్పుకు వెళ్ళాలి. ఆమె ఏమని కొట్లాడుతుంది?

పోస్టాఫీసు దేవాలయమని నేను చెప్పడం లేదు. వేలిముద్ర వేయించుకుని తక్కువ డబ్బు ఇచ్చిన పోస్టుమాస్టర్లతో మనమే గొడవపడ్డాం. పాసుబుక్కులు తన దగ్గరే పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ అక్కడ పైన ఇన్‌స్పెక్టరు ఉంటాడు, ఆ పైన సూపరింటెండెంటు ఉంటాడు. రికార్డు ఉంటుంది, సమాచార హక్కు కింద అడగవచ్చు, ఉద్యోగం పోతుందన్న భయం ఉంటుంది. కొట్టు మీద అడిగే హక్కు మనకేముంది?

ఈ బ్రాంచి పోస్టాఫీసుల్లో పనిచేసేవాళ్ళనూ మరచిపోకూడదు. ఇదివరకు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అనేవారు, ఇప్పుడు గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. వీళ్ళలో ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. 1977లో సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో వీళ్ళవి సివిల్ పోస్టులేనని, సంజాయిషీ అడగకుండా తీసేయడానికి వీల్లేదని చెప్పింది. అయినా ఇవాళ్టికీ వాళ్ళు రెగ్యులర్ ఉద్యోగులు కారు. కెనడాలో పల్లె దారుల్లో ఉత్తరాలు బట్వాడా చేసేవాళ్ళనూ ఇలాగే కాంట్రాక్టర్లుగా ఉంచారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పోరాడి 2004లో ఉద్యోగులయ్యారు. 2018లో పట్టణాల్లో మగవాళ్ళు ఎక్కువగా చేసే అదే పనితో సమాన వేతనం కావాలన్న వాదన గెలిచారు. మన డాక్ సేవక్ చెల్లెళ్ళు అడుగుతున్నదీ అలాంటిదే. వాళ్ళ పక్కన మనం నిలబడకపోతే, మన కాగితాలను కాపాడేవాళ్ళు ఎవరూ మిగలరు.

మనం చేయగలిగినవి నాలుగు చెబుతాను. ఒకటి, మీ మండలంలో ఏ పల్లెకు బట్వాడా ఇంటిదాకా వస్తోంది, ఏ పల్లెకు కొట్టు దగ్గర ఆగుతోంది అన్నది ఊరూరా తిరిగి రాయండి. ఆ జాబితా పట్టుకుని సూపరింటెండెంటును కలుద్దాం. రెండు, కోర్టు కేసులున్న ఆడవాళ్ళకు మొదటిరోజే చెప్పండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పేరు ఏదైనా, తన పేరు మీది కవరు తనకే ఇవ్వాలని పోస్టాఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవాలి. మూడు, మన సంఘాల ఆడవాళ్ళ ఖాతాలు బ్రాంచి పోస్టాఫీసుల్లో తెరిపిద్దాం. ఆదాయం లేదన్న సాకు ముందే తీసేద్దాం. నాలుగు, గ్రామసభలో చర్చ పెట్టకుండా ఏ పోస్టాఫీసునూ మూయకూడదని, దూరం మార్చకూడదని, ఈ మాట చట్టంలో ఉండాలని అడుగుదాం. హామీ మీద ఉంటే ఏమవుతుందో కెనడా చూపించింది.

చివరిగా, నేను మొదట చెప్పిన ఆమె సంగతి. కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడామె తన కాగితాలన్నీ మా ఆఫీసు చిరునామాకు తెప్పించుకుంటోంది. నెలకు రెండుసార్లు బస్సెక్కి వచ్చి, కవరు తన చేతులతో చించి చదివించుకుని వెళుతుంది. వచ్చినప్పుడల్లా మాకు సంతోషంగానే ఉంటుంది. కానీ సొంత ఊళ్ళో సొంత పేరుకు వచ్చిన ఉత్తరం అందుకోవడానికి ఒక ఆడమనిషి ఇరవై మైళ్ళు ప్రయాణం చేయాల్సి రావడం ఎవరికీ గౌరవం కాదు. ఆమె ఉత్తరం ఆమె గుమ్మం దగ్గరకు వచ్చేదాకా ఈ పని మనదే.