ప్రోగ్రామ్ కుప్పకూలితే తప్పు ఎవరిది? సిస్టమ్ లైబ్రరీ దోషాలను గుర్తించే విధానం



మీరు ప్రాజెక్టు రికార్డు టైపు చేస్తుంటారు. ఉన్నట్టుండి తెర మీద ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. ప్రోగ్రామ్ పనిచేయడం ఆగిపోయిందని చెబుతుంది. లేదా ‘ఎంఎస్‌వీసీఆర్100.డీఎల్ఎల్’ అనే ఫైలు కనబడటం లేదని చెబుతుంది. ఓకే నొక్కగానే ప్రోగ్రామ్ మాయం, సేవ్ చేయని పని కూడా మాయం. అప్పుడు చాలామంది ఆ ఫైలు పేరును ఇంటర్నెట్‌లో వెతికి, ఎక్కడ దొరికితే అక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసి, సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేస్తారు. ఈ అలవాటు ఎందుకు ప్రమాదకరమో, దానికి బదులు ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణకు విండోస్‌ను తీసుకుందాం.

ముందుగా లైబ్రరీ అంటే ఏమిటో చూద్దాం. ఫైలు తెరవడం, విండో గీయడం, ప్రింటు తీయడం దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌కూ కావలసిన పనులే. వీటి ఆదేశాలను ఎవరికి వారు మళ్ళీ రాసుకోకుండా, అందరూ వాడుకునే ఫైళ్ళలో ఉంచుతారు. విండోస్‌లో వీటిని డైనమిక్ లింక్ లైబ్రరీలు, క్లుప్తంగా డీఎల్ఎల్‌లు అంటారు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మాత్రమే ఇవి వచ్చి దానితో కలుస్తాయి.

పెళ్ళిళ్ళకు వాడుకునే ఊరుమ్మడి వంటపాత్రల వంటివి ఇవి. ప్రతి ఇంటివారూ గంగాళం కొననక్కరలేదు. కాని ఒకరు వాడుకున్నాక పెద్ద గంగాళం బదులు చిన్నది తిరిగి పెడితే, తరువాతి పెళ్ళివారి వంట చెడుతుంది. 1990 దశకంలో విండోస్‌లో జరిగింది ఇదే. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్ ఉమ్మడి డీఎల్ఎల్‌ను తీసేసి తన దగ్గరున్న వేరే వెర్షన్‌ను పెట్టేది. అంతవరకు బాగా నడిచిన మరో ప్రోగ్రామ్ ఆగిపోయేది. ఈ అవస్థకు ‘డీఎల్ఎల్ నరకం’ అనే పేరు కూడా వచ్చింది. ముఖ్యమైన సిస్టమ్ ఫైళ్ళను ఎవరైనా మారిస్తే పాతవాటిని తిరిగి పెట్టే ఏర్పాటు విండోస్ 2000లో వచ్చింది. ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే ఉండే వీలు 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో విస్తరించింది. సమస్య తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇక దోషాన్ని ఎలా పట్టుకోవాలి? స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అనే భాగానికి వెళ్ళి, ప్రోగ్రామ్ ఆగిన సమయానికి నమోదైన ఎర్రర్‌ను చూడండి. అందులో మూడు విషయాలు రాసుకోండి: ఆగిన ప్రోగ్రామ్ పేరు, ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు, ఎక్సెప్షన్ కోడ్.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మాడ్యూల్ దగ్గర తరచుగా ‘ఎన్‌టీడీఎల్ఎల్.డీఎల్ఎల్’ వంటి విండోస్ సొంత ఫైలు పేరు కనిపిస్తుంది. అంతమాత్రాన ఆ ఫైలు చెడిపోయిందని అనుకోకూడదు. దొంగనోటు బ్యాంకు కౌంటరులో పట్టుబడితే, నోటు అచ్చువేసింది ఆ కౌంటరు గుమాస్తా కాదు కదా! అలాగే ప్రోగ్రామో, దాని యాడ్-ఇన్నో తప్పుడు సమాచారం అందిస్తే, అది విండోస్ లైబ్రరీలోకి వెళ్ళాక బయటపడుతుంది. మాడ్యూల్ పేరు ప్రమాదం జరిగిన చోటును చెబుతుంది, కారకుడిని కాదు.

కోడ్ కూడా ఆధారమే. ఇది ఈవెంట్ వ్యూయర్‌లోనో, తెర మీది పెట్టెలోనో కనిపిస్తుంది. చివర 0005 ఉంటే, ప్రోగ్రామ్ తనకు అనుమతి లేని మెమరీని తాకబోయిందని అర్థం. 0135 అయితే కావలసిన లైబ్రరీ దొరకలేదు. 007బీ అయితే తరచుగా 32 బిట్, 64 బిట్ ఫైళ్ళు కలగలిసిపోయాయని అర్థం. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ లైబ్రరీలు. 32 బిట్ లైబ్రరీలు సిస్‌వావ్64లో ఉంటాయి. పేర్లు తారుమారుగా ఉన్నాయి కదూ! ఎక్కడి నుంచో తెచ్చిన ఫైలును సిస్టమ్32లో పడేస్తే పని జరగకపోవడానికి ఇదొక కారణం.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఒక ప్రోగ్రామ్‌లో చేరిన డీఎల్ఎల్‌కు ఆ ప్రోగ్రామ్‌కున్న అధికారాలన్నీ దక్కుతాయి. ముక్కూమొహం తెలియని సైటు ఇచ్చిన ఫైలులో వైరస్ ఉంటే, మీ ఫైళ్ళు, పాస్‌వర్డులు దాని చేతికి చిక్కవచ్చు.

కాబట్టి ఈ క్రమం పాటించండి. మొదట మీ ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తరువాత ఆగిపోతున్నది ఒక్క ప్రోగ్రామా, చాలా ప్రోగ్రాములా అని చూడండి. ఒక్కటే అయితే దాని యాడ్-ఇన్‌లను తొలగించి చూడండి, లేదా దాన్ని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి. ఎంఎస్‌వీసీఆర్100 వంటి ఫైలు లేదంటే, మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ వేయాలి. ఈ ఫైలుకు 2010 నాటి ప్యాకేజీ కావాలి. ప్రోగ్రామ్ 32 బిట్‌దైతే, విండోస్ 64 బిట్ అయినా సరే, 32 బిట్ ప్యాకేజీయే వేయాలి.

చాలా ప్రోగ్రాములు ఆగిపోతుంటే రిలయబిలిటీ మానిటర్ తెరవండి. ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయిందో, ఏ రోజు నుంచి ఎర్రర్లు మొదలయ్యాయో అది తేదీలవారీగా చూపిస్తుంది. తరువాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎస్ఎఫ్‌సీ ఆదేశాన్ని స్కాన్‌నౌ ఐచ్ఛికంతో నడపండి. అది సిస్టమ్ ఫైళ్ళను పరీక్షించి, చెడినవాటి స్థానంలో మంచివి పెడుతుంది. అప్పటికీ ఫలితం లేకపోతే మెమరీ డయాగ్నొస్టిక్‌తో ర్యామ్‌ను, చెక్‌డిస్క్‌తో హార్డ్‌డిస్క్‌ను పరీక్షించండి. ఒకసారి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, ఏది సమస్యను తీర్చిందో తెలియదు.

కాలేజీ ల్యాబ్ కంప్యూటర్ అయితే మీరే మార్పులు చేయకండి. రాసుకున్న మూడు వివరాలనూ ల్యాబ్ బాధ్యులకు ఇవ్వండి. ‘సార్, పనిచేయడం లేదు’ అనే మాట కంటే ఆ మూడు వివరాలూ వారికి ఎంతో ఉపయోగపడతాయి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ఒక పాత అప్లికేషన్ ఎర్రర్‌ను ఎంచుకోండి. మూడు వివరాలనూ నోటుపుస్తకంలో రాసి, కారకుడు ఎవరై ఉంటారో, ఎందుకలా అనుకుంటున్నారో రెండు వాక్యాల్లో వివరించండి.